అన్న దగ్గర ఉన్ని కొనకూడదట

మా పెద్దమ్మ ఊలు నాణ్యం కళ్ళతో చూసేది కాదు. కొత్త ఉండ చేతికి రాగానే ముందు మెడ పక్కన రుద్దుకునేది, తర్వాత పెదవి మీద. "పసిపిల్లలకి ఒళ్ళంతా పెదవే. నాకు గుచ్చుకుందంటే వాళ్ళకి కుట్టినట్టే," అనేది. చలికాలం ముందు బజారులో దుకాణం దుకాణానికీ అలా రుద్దుకుంటూ తిరిగే ఆవిణ్ణి చూసి కొత్త గుమస్తాలు నవ్వాపుకునేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం కుర్చీ వేసేవాళ్ళు.

ఆవిడ అల్లేది పసిపిల్లల స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్ళు. ఇంటి ముందుగదిలో కిటికీ పొడుగునా నాలుగు అల్లిక మిషన్లు ఉండేవి. కరెంటువి కావు, చేత్తో అటూ ఇటూ తోసే రకం. తోసినప్పుడల్లా జరజరమని ఒకటే చప్పుడు. ఉద్యోగం కోసం ఆ ఊరు వచ్చి వాళ్ళ మేడగదిలో దిగిన కొత్తలో ఆ చప్పుడుకి నాకు తలపోటు వచ్చేది. కొన్నాళ్ళు పోయాక మిషన్లు ఆగిన రోజే ఇల్లు బోసిగా అనిపించడం మొదలైంది. పెద్దమ్మతో పాటు ముగ్గురు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు: పొడుగావిడ, కళ్ళజోడావిడ, పెద్దమ్మ తోటికోడలు. పెదనాన్న రైల్వే స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వదులు చుట్టలా వచ్చే ఊలు చిలప మోకాళ్ళకి తగిలించుకుని ఉండలు చుట్టడం ఇప్పుడాయన పని. "ఇన్నేళ్ళూ కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఇప్పుడు లేచి పారిపోకుండా దారంతో కట్టేశారు," అనేవాడు.

ఆ ఊలు ఓడల మీద వచ్చే విదేశీ ఊలు. బజారులో ఊలు షావుకారు ఒక్కడే దాన్ని తెప్పించేవాడు.

పెద్దమ్మకీ మా అమ్మకీ ఒక్కడే అన్న, మా మామయ్య. సగం పూట బస్సు ప్రయాణం చేస్తే వచ్చే కొండ మీద ఆయనకి గొర్రెల మంద ఉంది. పుట్టింట్లో గొర్రెలు పెట్టుకుని బజారులో ఊలు కొనడమేమిటని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. మామయ్య గొర్రెలది ముతక ఉన్ని. కంబళ్ళకీ తివాచీలకీ దాన్ని మించింది లేదు. ఒంటికి తగిలితే మాత్రం దురద. పెళ్ళికి ముందు పెద్దమ్మ ఆ ఉన్నితోనే స్వెట్టరు అల్లి పెదనాన్నకి పంపిందట. "అది తొడుక్కుని కూడా పెళ్ళికి ఒప్పుకున్నాను. నా ఓర్పుకి ఇంకే సాక్ష్యం కావాలి?" అని పెదనాన్న చెప్పని చుట్టం లేడు. మామయ్యకి కూడా ఇందులో రోషం లేదు. "మా గొర్రె మాత్రం ఇష్టపడి మోస్తోందా బావా? గతిలేక మోస్తోంది," అనేవాడు.

ఒక ఏడాది ఉన్ని ధర పడిపోయింది. కంబళ్ళ మిల్లు వాళ్ళు బయటి దేశాల నుంచి చవక రకం ముతక ఉన్ని దింపుకోవడం మొదలుపెట్టారు. కత్తిరించిన బొచ్చు మామయ్య కొట్టంలో పైకప్పు దాకా పేరుకుపోయింది. ఎలుకలు అందులో కాపురాలు పెట్టాయి. గొర్రెల పెంపకందార్లంతా కలిసి రాజధానికి వెళ్ళి, మందలతో సహా సచివాలయం ముందు బైఠాయించారు. ఆ గొర్రెలు అక్కడి పూలమొక్కల్ని మొదలంటా మేసేశాయి. మర్నాడు పేపర్లో మామయ్య ఫోటో పడింది. ఒక చేతి పిడికిలి పైకెత్తి, రెండో చేత్తో గొర్రె చెవి పట్టుకుని ఉన్నాడు.

పెద్దమ్మ ఆ ఫోటో కత్తిరించి తన మిషను పైన గోడకి అంటించింది. చలిలో కూర్చున్నారని పని ఆపి అందరిచేతా టోపీలు అల్లించి బస్సులో వేయించింది. ఆ టోపీల ఊలు కూడా ఓడ మీద వచ్చిందే. అప్పుడది ఎవరికీ తట్టలేదు.

ప్రభుత్వం దిగొచ్చింది. విదేశీ ఉన్ని గానీ, ఉన్నితో వడికిన దారం గానీ ఇకమీదట దేశంలోకి రాకూడదని ఉత్తర్వు వేసింది. దేశవాళీ ఉన్ని పరిశ్రమని కంటికి రెప్పలా కాపాడుకుంటామని మంత్రి టీవీలో చెప్పాడు. మామయ్య ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"చెల్లీ, గెలిచాం!"

"విన్నాను అన్నయ్యా. వదినకి ఫోనివ్వు, ముందు ఆవిడతో మాట్లాడాలి. నువ్వు లేనన్నాళ్ళూ మంద కాసింది ఆవిడ," అంది పెద్దమ్మ. ఆ పూట మిషన్లు నాలుగూ ఆపి అందరికీ టీ ఇచ్చింది.

తర్వాత కొద్దిరోజులకి ఊలు కోసం బజారుకి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. షావుకారు అరలు సగం ఖాళీ. మిగిలినవి కూడా అమ్ముడుపోని ముదురు రంగులు.

"ఏంటి షావుకారు గారూ, సరుకు దిగలేదా?"

"ఇంకెక్కడి సరుకమ్మా! రేవులో దిగిన పెట్టెల్ని దిగినట్టే ఓడెక్కించి వెనక్కి పంపారు. మీ అన్నగారి ఫోటో చూశాను పేపర్లో. బాగా పడ్డారు."

పెద్దమ్మ ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే పెదనాన్న ముందు నిలబడింది. "అదేంటండీ? ముతక ఉన్ని ఆపమని వాళ్ళడిగితే మెత్తటి ఊలు ఆపడమేంటి?"

పెదనాన్న చిలప సర్దుకున్నాడు. "టిక్కెట్టు లేనివాణ్ణి దింపమంటే రైలే ఆపేసినట్టుంది."

ఆయన మాటకి ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అయినా పెద్దమ్మ వెంటనే డీలా పడే మనిషి కాదు. దేశవాళీ ఊలే వాడదాం, మన గొర్రెలే కదా బాగుపడేది అనుకుంటూ మిల్లుకి వెళ్ళింది. మిల్లు మేనేజరు ఆవిణ్ణి మర్యాదగా కూర్చోబెట్టి బల్ల మీద ఒక చిలప పెట్టాడు. బూడిద రంగులో, చేంతాడు పిల్లలా ఉంది.

"ఇంతకంటే సన్నం లేదా అండీ?"

"మా కదుర్లు కంబళ్ళ దారానికే అమ్మా. సన్న దారం తీసే యంత్రాలు తెప్పిస్తున్నాం."

"ఎప్పటికొస్తాయి?"

"అవి బయటి దేశం నుంచి రావాలి కదా."

"మరి అవి రావచ్చా?"

"దానికీ పర్మిషన్ అడిగాం. చూడాలి."

పెద్దమ్మ నాకేసి చూసింది. ఆ చిలపలే కొన్ని కొని తెచ్చింది. సబ్బునీళ్ళలో నానబెట్టింది. వెనిగర్ కలిపిన నీళ్ళలో ముంచింది. దువ్వెనతో దువ్వింది. కంబళిలో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరినట్టు, పగలంతా ఆ దారంలోంచి గరుకు పోచలు ఏరుతూ కూర్చునేది. చివరికి ఒక చిన్న స్వెట్టరు తయారైంది. పక్కింటావిడ మనవరాలికి తొడిగితే ఆ పిల్ల కాసేపు కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి గోడకి వీపు ఆనించి రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఏడవనైనా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదంది పెద్దమ్మ.

బట్టల దుకాణాల వాళ్ళు కూడా ఆ దారంతో అల్లి పంపిన సరుకు పంపినట్టే తిప్పి పంపారు. ముందు కళ్ళజోడావిడ మానేసింది. "అక్కా, ఇంట్లో గడవదు," అని గుమ్మంలోనే చెప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. తర్వాత పొడుగావిడ. తోటికోడలు మాత్రం పని లేకపోయినా రోజూ వచ్చి మిషన్లు తుడిచేది. ఎందుకమ్మా అంటే, తుప్పు పడితే మళ్ళీ తిరగవు కదా అనేది.

అప్పుడు పెద్దమ్మకి ఒక ఆలోచన వచ్చింది. గొర్రెపిల్లకి మొట్టమొదటిసారి కత్తిరించే బొచ్చు కాస్త మెత్తగా ఉంటుంది. అది కూడా భుజాల మీదిది, పక్కలదీ మాత్రమే ఏరుకుంటే, సన్నగా వడికించుకుంటే, కనీసం టోపీలకి పనికొస్తుంది. కొండ మీదికి కబురుపెట్టి, కత్తిరింపు రోజులకి నన్ను తీసుకుని వెళ్ళింది.

మామయ్య కొట్టంలో నేల మీద బరకం పరిచి, గొర్రెపిల్లని వెల్లకిలా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కత్తెర నడుపుతున్నాడు. అత్తయ్య బొచ్చు విదిలించి ముళ్ళు తీస్తోంది. పెద్దమ్మ కూడా కొంగు బిగించి కూర్చుని, చేతికొచ్చిన ప్రతి గుప్పెడూ చూసి రెండు కుప్పలుగా పెట్టింది. సాయంత్రానికి ఒక చిన్న మూట తేలింది. అది చూసి చాలా రోజుల తర్వాత నవ్వింది.

"పట్టుకెళ్తాను అన్నయ్యా."

మామయ్య కత్తెర కింద పెట్టి తల గోక్కున్నాడు. "పట్టుకెళ్ళొచ్చో లేదో కనుక్కోవాలి చెల్లీ. ఇప్పుడు బొచ్చంతా గుర్తింపు ఉన్న మిల్లుకే వెయ్యాలట. బయటివాళ్ళకి అమ్మకూడదట. దళారులు దాచేస్తారని రూలు పెట్టారు."

"నేను బయటిదాన్నా?"

"నేనన్నానా? రూలు అంది."

"విదేశీ ఊలు రాకూడదు. దేశవాళీ ఉన్ని కొనకూడదు. మరి దేన్ని అల్లమంటారు? గాలినా?"

అత్తయ్య మధ్యలో వచ్చి, "సొంత చెల్లెలికి గుప్పెడు బొచ్చు ఇస్తే ఎవరు చూడొచ్చారు? అమ్మట్లేదు కదా, ఇస్తున్నాం," అని మూట ముడివేసి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

చూడొచ్చారు. కొండ దిగే మలుపులో చెక్‌పోస్టు ఉంది. కానిస్టేబుల్ బస్సెక్కి సీట్ల కింద చూస్తూ మూట దగ్గర ఆగాడు. మమ్మల్ని దింపారు. రేకుల షెడ్డులో బల్ల వెనక ఒక గుమస్తా. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, మంచి మాటతీరు. ఆ మాటతీరే ప్రాణాలు తోడేసింది.

"ఉన్ని తరలించడానికి పర్మిట్ ఉందా అండీ?"

"తరలించడమేంటి బాబూ? మా అన్నయ్య ఇచ్చాడు. మా పుట్టిల్లు."

"మీరు మిల్లు తరఫున వచ్చారా?"

"నేను చెల్లెల్ని."

"చెల్లెలు అని ఇందులో లేదండీ. పెంపకందారు, మిల్లు, రవాణాదారు. ఈ మూడిట్లో మీరెవరో చెప్తే నేను సాయం చేస్తాను."

"రవాణాదార్ని అనుకో."

"అయితే పర్మిట్ ఉండాలండీ."

మేము వచ్చిన బస్సు వెళ్ళిపోయింది. తర్వాతిది వచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. ఈలోగా వాన మొదలైంది. స్వాధీనం చేసుకున్న మూటని షెడ్డు చూరు కింద పడేశారు. చూరు నీళ్ళు సరిగ్గా దాని మీదే పడుతున్నాయి. "మాకివ్వకపోతే పోయె, లోపల పెట్టండి. తడిస్తే కుళ్ళిపోతుంది," అని పెద్దమ్మ రెండుసార్లు బతిమాలింది. స్వాధీనమైన సరుకుని పై అధికారి వచ్చేదాకా కదపకూడదన్నాడు ఆ గుమస్తా. బస్సు వచ్చేసరికి తడిసిన గొర్రె వాసన షెడ్డంతా నిండిపోయింది.

కథ అంతటితో అయిపోలేదు. మూట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరా తీసి మామయ్య అమ్మకం కార్డుని ఆ ఏడాదికి నిలిపేశారు. మిల్లు ఆయన బొచ్చు తీసుకోదు. ఇంకెవరికీ అమ్మడానికి లేదు. మామయ్య ఫోన్ చేశాడు. ఆయన అరుపులు మేడమెట్ల మీద ఉన్న నాకు కూడా వినిపించాయి.

"అందరూ చూసేలా సీటు కింద పెట్టుకెళ్ళమని నీకెవరు చెప్పారు?"

"దాచుకెళ్ళడానికి దొంగిలించానా?"

"ఈ ఏటి బొచ్చంతా ఏం చేసుకోను చెప్పు? నా పొట్ట కొట్టావు."

"నా పొట్ట నువ్వు కొట్టి ఏడాదవుతోంది. నేనేమన్నా అరిచానా? ఆ రూలు అడిగిందెవరు, నేనా?"

"నేనడిగింది ఈ రూలు కాదు!"

"అదే కదా నేను మొదట్నుంచీ చెప్పేది!"

ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. అయినా ఇద్దరికీ వినపడలేదు. పెద్దమ్మ ఫోన్ పెట్టేసి గోడ మీది ఫోటో పీకబోయింది. జిగురు గట్టిగా పట్టేసి, మామయ్య మోచేతి దగ్గర చిరిగి, గొర్రె తల గోడకే ఉండిపోయింది. దాన్ని అలాగే వదిలేసింది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. మా అమ్మ ఇటు ఫోన్ చేస్తే ఇటు తిట్లు, అటు చేస్తే అటు తిట్లు.

మళ్ళీ చలి మొదలైంది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే పెద్దమ్మ బజారులో ఒక బట్టల దుకాణం అద్దాల ముందు నిలబడి ఉంది. లోపల కుప్పలుగా పసిపిల్లల స్వెట్టర్లు. లేత పసుపు, లేత నీలం. లోపలికెళ్ళి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇది విదేశీ ఊలు," అంది దుకాణదారుతో.

"అవునమ్మా. స్వెట్టరే అక్కణ్ణుంచి వచ్చింది."

"రానిస్తున్నారా?"

"ఎందుకు రానివ్వరు? ఉన్ని రాకూడదన్నారు, దారం రాకూడదన్నారు. స్వెట్టరు రాకూడదని ఎవరన్నారు?"

ధర కూడా ఆవిడ అల్లేదానికంటే తక్కువే. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిన నాలుక తీసుకెళ్ళి ఇంకెవరికో అతికించారు. పెద్దమ్మ డబ్బిచ్చి ఆ స్వెట్టరు కొనుక్కుంది. ఇంటికొచ్చి గదిలో పడుకుంటే తోటికోడలు వెళ్ళి దీపం వేసేదాకా లేవలేదు.

పొద్దున లేచేసరికి మాత్రం కత్తెర పట్టుకుని ఉంది. సాయంత్రం కొన్న స్వెట్టరు తిరగేసి కుట్లు వెతుకుతోంది. "ఇది గుడ్డ కత్తిరించి కుట్టింది కాదు, అంచుల్తో సహా అల్లింది. ఒక్క కొస దొరికితే మొత్తం వచ్చేస్తుంది," అంటుండగానే కొస దొరికింది. లాగితే జరజరా ఊడి వచ్చింది. పెదనాన్న దాన్ని చిలప చుట్టడానికి మోకాళ్ళు పట్టాడు. వంకీలు వంకీలుగా ఉన్న దారాన్ని తడిపి, కింద బరువు కట్టి ఆరేస్తే తిన్నగా అయింది. మెత్తటి ఊలు! ఓడ మీద వచ్చిందే.

కొత్తవి కొని విప్పితే గిట్టదు. అందుకని సంతలో విదేశీ పాత బట్టలు కుప్పపోసి అమ్మే చోటికి వెళ్ళడం మొదలుపెట్టాం. పెద్దమ్మ ప్రతి స్వెట్టరూ తిరగేసి లోపలి కుట్టు చూసేది. ఏం నాజూకు మనిషండీ అని అమ్మేవాడు అనుకునేవాడు. తోటికోడలి ముఖంలో కళ వచ్చింది. పొడుగావిడని పిలిపించారు. ఆ చలికాలం సగం దాకా మిషన్లు రెండు తిరిగాయి. ఎవరో పసిపాపకి మూడు రంగుల చారల కోటు అల్లితే వీధిలో అందరూ అలాంటిదే కావాలన్నారు. దారం చాలక చారలు వేసిందని వాళ్ళకేం తెలుసు.

అప్పుడొచ్చాడు తనిఖీ అధికారి. లావుపాటి మనిషి, ఆయాసపడుతూ గదంతా కలయజూసి, ఆరేసిన చిలపల దగ్గర ఆగాడు.

"ఇది విదేశీ దారం."

"పాత స్వెట్టరండీ."

"స్వెట్టరు ఎక్కడుంది?"

"విప్పాను."

"విప్పితే దారమే కదమ్మా."

"వచ్చినప్పుడు స్వెట్టరే కదండీ. రానిచ్చింది మీరే."

"వచ్చింది ఏదైనా, ఇప్పుడున్నది దారం. విదేశీ దారం అల్లిక మిషను దగ్గర ఉండకూడదు."

"మీ కోటు కింద స్వెట్టరు కూడా అక్కడిదే. రేపు దాని చెయ్యి కొస ఊడి వేలాడితే మీకు మీరే కేసు రాసుకుంటారా?"

ఆయన తన చేతి అంచు ఒకసారి చూసుకుని లోపలికి తోసుకున్నాడు. "అమ్మా, మీతో నాకు విరోధమేం లేదు. దారం కనిపిస్తే సీలు వెయ్యమని రాసిచ్చారు. స్వెట్టరు విప్పితే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. రాయనిదానికి నేను బాధ్యుణ్ణి కాలేను."

నాలుగు మిషన్లకీ గుడ్డ చుట్టి లక్క పోశాడు. పోస్తుంటే వేలు కాలింది. పెద్దమ్మే గిన్నెలో చన్నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన వేలు ముంచుకుని కాసేపు కూర్చుని, థాంక్సమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మనిషి దుర్మార్గుడైతే పెద్దమ్మకి కాస్త హాయిగా ఉండేదేమో. తిట్టుకోవడానికి ఒక ముఖం దొరికేది.

ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగడం. పై అధికారి ఒప్పుకున్నా కింది గుమస్తా కదలడు. కింది గుమస్తా కదిలిన రోజు పై అధికారి సెలవు. ఒకచోట ఇది వాణిజ్య శాఖ అన్నారు, వాణిజ్య శాఖలో పరిశ్రమల శాఖ అన్నారు. పరిశ్రమల శాఖలో ఒకాయన, "అసలు మీకొచ్చిన నష్టమేంటమ్మా? ఇది మీలాంటి వాళ్ళని కాపాడటానికి పెట్టిందే," అన్నాడు నిజంగా ఆశ్చర్యపోతూ. పెద్దమ్మ లేచి వచ్చేసింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మామయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఫోన్ కూడా చెయ్యలేదు. లక్క సీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మ పలకరించలేదు, టీ మాత్రం పెట్టింది. చక్కెర ఎక్కువ వేసింది, ఆయన తాగే పద్ధతిలోనే.

"కార్డు తిరిగిచ్చారు," అన్నాడు గ్లాసుతో చెప్తున్నట్టు. "మిల్లుకి వేశాను. రెండో రకం అన్నారు. అందరిదీ రెండో రకమేనట. మా కొండ మీద మొదటి రకం గొర్రె ఒక్కటి కూడా మిగల్లేదు. మంచి ధర మొదటి రకానికేనట. బయట అమ్ముకుంటామంటే రూలు. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నమ్మాం."

పెదనాన్న ఊరుకోలేకపోయాడు. "గొర్రెలవాడివి, ఆ సామెత అందరికంటే ముందు నీకు తెలియాలి బావా."

పెద్దమ్మ ఫక్కున నవ్వబోయి, కోపం గుర్తొచ్చి ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మిల్లుని తిట్టారు. మిల్లు అయ్యాక మంత్రిని, చెక్‌పోస్టు గుమస్తాని, షావుకారుని. చీకటిపడే వేళకి తిట్టాల్సినవాళ్ళు అయిపోయారు. క్షమించమని ఆయనా అడగలేదు, ఈవిడా అడగలేదు. కలిసి వెళ్ళి మాట్లాడదాం అనుకున్నారు.

రాజధానిలో పరిశ్రమల శాఖ అధికారిణి నడివయసు మనిషి, ఓపికగా విన్నది. ఆఖర్న కళ్ళజోడు తీసి వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నాకొకటి అర్థం కావట్లేదు. మీరు నిషేధం ఉండాలంటున్నారు. ఈవిడ తియ్యాలంటున్నారు. ఇద్దరూ ఒకే మాట మీద ఎలా వచ్చారు?"

"ముతక ఉన్ని ఆపండి మేడమ్, మెత్తది రానివ్వండి. మెత్తదానితో మా గొర్రెలకి పోటీయే లేదు," అన్నాడు మామయ్య.

"నిబంధనలో ముతక, మెత్తన అని తేడా లేదండీ. ఉన్ని అంటే ఉన్నే."

"నీళ్ళన్నీ నీళ్ళే కదా అని సముద్రం నీళ్ళు తాగమంటే తాగుతారా?" అంది పెద్దమ్మ.

ఆవిడ నవ్వింది. తను వ్యక్తిగతంగా ఒప్పుకుంటానంది. పైకి రాస్తానంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, నువ్వెక్కువ మాట్లాడావంటే నువ్వెక్కువ మాట్లాడావని అన్నాచెల్లెళ్ళు బస్సు టైమయ్యేదాకా పోట్లాడుకున్నారు.

ఆవిడ నిజంగానే రాసినట్టుంది. ఏడాది దాటాక చిన్న సవరణ వచ్చింది. గొర్రెపిల్లల తొలి బొచ్చుని పెంపకందార్లు చిన్న అల్లిక కేంద్రాలకి అమ్ముకోవచ్చు. ముతక, మెత్తన గొడవ మాత్రం తేలలేదు. విదేశీ ఊలు రాలేదు, విదేశీ స్వెట్టర్లు ఆగలేదు. మిల్లుకి సన్న దారం యంత్రాలూ రాలేదు. ఆఫీసు నుంచి ఎవరో వచ్చి లక్క సీళ్ళు పగలగొట్టారు. గుడ్డలు విప్పితే రెండు మిషన్ల సూదులు వరసంతా తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. తోటికోడలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొడుగావిడ అప్పటికే బజారులో ఆ అద్దాల దుకాణంలో చేరి విదేశీ స్వెట్టర్లు మడతపెడుతోంది. కళ్ళజోడావిడ ఊరే వదిలింది.

ఇప్పుడు మామయ్య ఏటా తొలి బొచ్చు తెస్తాడు, అత్తయ్య వడికి పంపుతుంది. దాంతో పెద్దమ్మ పెద్దవాళ్ళకి చొక్కా మీద వేసుకునే చేతుల్లేని స్వెట్టర్లు అల్లుతుంది. పసిపిల్లలవి అల్లదు. ఎవరైనా అడిగితే, "నాకు రావు," అంటుంది ముక్తసరిగా.

పాడైన రెండు మిషన్లూ కిందటి నెల అమ్మేసింది. కొనడానికి పక్క ఊరి నుంచి ఒక కుర్ర వ్యాపారి వచ్చాడు. సూదులు మార్చి వాడుకుంటాడట. ఏ ఊలు వాడతావు బాబూ అని పెద్దమ్మ అడిగింది.

"ఊలు కాదమ్మా, ఫ్యాక్టరీ దారం. రసాయనాల్తో చేస్తారు. గొర్రె అక్కర్లేదు, ఓడ అక్కర్లేదు. ఏ చెక్‌పోస్టూ ఆపదు." సంచీలోంచి ఒక ఉండ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడందరూ ఇదే. కంబళ్ళు కూడా దీంతోనే నేస్తున్నారు."

ఆ రోజు మామయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఆ ఉండని ఆయనా నొక్కి చూశాడు, ఈవిడా నొక్కి చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"బాగానే ఉంది," అంది పెద్దమ్మ.

"చవక కూడానమ్మా," అన్నాడు వ్యాపారి.

మిషన్లు ఆటో ట్రాలీలోకి ఎక్కాయి. పోయాక గదిలో కిటికీ వెలుతురు నేల మీద పొడుగ్గా పడింది. మిషన్ల కాళ్ళు నొక్కుకున్న గుంటలు గచ్చులో నల్లగా కనిపించాయి. పెద్దమ్మ చీపురు తెచ్చి అక్కడ ఊడ్చింది, మళ్ళీ ఊడ్చింది. "ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే ఒక్క పూట అరిచి ఊరుకునేదాన్ని అన్నయ్యా," అంది. మామయ్య ఏదో చెప్పబోయాడు గానీ ఆవిడ చీపురు ఆపి గోడ వార వెతకడం మొదలుపెట్టింది.

"నూనె డబ్బా ఏదీ? మిషన్లకి వేసే నూనె డబ్బా? దాన్ని అమ్మలేదు కదా! ఒసేయ్, పరిగెత్తవే, ఇంకా మలుపు తిరిగి ఉండడు!"

చెప్పుల్లేకుండానే పరిగెత్తాను. ట్రాలీ వీధి చివర వేరే బండికి అడ్డంపడి ఆగి ఉంది. డబ్బా దొరికింది.